బల్ల మీద ఒక్కటే డబ్బా

హలో… ఆ, నేనే… ఆ, హన్మాండ్లునే. ఎవలు?… ఓ ప్రమోదూ! ఆగు అల్లుడా, ఆగు. ఫోన్ ఈ చెవికి మార్చుకోనీ. కుడి చెవి ఖలాస్ అయిందని తెల్సు గద నీకు… ఆ, ఇప్పుడు చెప్పు.

మంచిగనే ఉన్న. ఫుజైరాల ఏముంటది బిడ్డా? గుట్ట, దుమ్ము, లారీలు. లారీ కాంటా ఎక్కితె నంబర్ రాస్త, దిగితె నంబర్ రాస్త. ఈ డబ్బా అసొంటి క్యాబిన్ల నేను, రాజమౌళన్న. గంతే మా దునియా.

మీ అమ్మ మాట్లాడుతుందా?… మోకాళ్లేనా మల్ల? మా గౌరవ్వక్కకు ఎన్నిసార్లు చెప్పిన! బీడీలు చేసుడు బందుపెట్టు, కొడుకు దుబాయ్ పోయిండు, ఇంకెందుకే అని. వినదు. పొద్దుందాక ఒక్క తీరుగ గూసుంటె మోకాళ్లు నొయ్యక ఏంజేస్తయి?

సరే గని, ఏందిర గంత హుషారుగున్నవ్? లగ్గం గిట్ల కుదిరిందా, మామకు చెప్పకుంట?…

మరేంది?…

ఏ రూము?

…

ఆగు. ఏ రూమంటున్నవ్‌రా?

…తెల్ల రూమా. ఖర్జూర చెట్ల ఎనుక, ఎప్పటికీ ఏసీ నడుస్తుంటది… ఆ. ఎరుకే. ఎరుక లేకేం. ఆరేండ్లు అండ్లనే కూసున్న గద.

లేదు లేదు, లైన్‌లనే ఉన్న. చెప్పు.

నిన్ను ఆ మజ్రాకు తోట పనికి గద తీస్కపొయ్యింది? నీళ్ల పైపులు సూస్తనంటివి. తూటలు చేసే పని నీకెవలు ఇచ్చిండ్రు?… అర్బాబే పిలిచిండా, తోట మాలికే. ఊకెనే పిలుస్తడా అంత పెద్దాయన? నీ పేరు ఎవలు చెప్పిండ్రు?

…

షారుఖ్ చెప్పిండా.

ఏమని చెప్పిండు?… "హన్మాండ్లు భాయ్ అల్లుడు, ఆ చెయ్యే వీనికి వచ్చి ఉంటది" అన్నడా…

ఏం లేదు. గొంతుల దుమ్ము పడ్డది. నీళ్లు తాగుత, ఆగు.

…ఆ. ఎన్ని రోజులైంది?… నాలుగు రోజులా! నాలుగు రోజుల సంది ఆ రూముల కూసుంటున్నవ్, ఇయ్యాలనా నాకు చెప్పేది? మామ సచ్చిండనుకున్నవా?… ఏం సర్‌ప్రైజ్‌రా నీ మొహం. గిసొంటియి ముందుగాల చెప్పాలె.

కోపం కాదు. కోపమెందుకు వస్తది? ఫుజైరా నుంచి బనియాస్ దాక ఉరికొచ్చి కొట్టనా నిన్ను?

అడుగు. ఏం తెల్వాలె?

…ఆ, అర్బాబ్ ఎప్పటికీ గదే అంటడు. బిడ్డ ఫైజమ్మకు తుపాకి పోటీ ఉంది, కంపెనీ తూటలు పిరమయినయి, టైమ్‌కు వస్తలెవ్వు, ఇంట్లనే సస్తగ చేద్దాం. గని సూటిగ పోవాలె. ఫైజమ్మ పెట్టిన కాడ్నే తాకాలె. సస్తగా గావాలె, సూటిగా గావాలె. నేనున్నప్పుడు గిదే పాట. పర్మిషన్ కాయిదం ఇంక గోడకే ఉన్నదా?… ఉంటది, ఆయన ఆ విషయంల పక్కా.

నాకు యాదిలేదురా. నాలుగేండ్లయింది, మర్చిపోయిన. ఫైజమ్మకు నేర్పేటందుకు వచ్చిపోయే ఇంగ్లీషాయన ఉన్నడు గద, ఆయన్ని అడుగు.

…వచ్చే నెల దాక రాడా.

…

సరే. సరే, బతిలాడకు. రాసుకుంటవా? రాసుకో.

ముందుగాల ఖోకాలు. తూట పేలినంక మిగిలిన ఇత్తడి ఖోకాలు బస్తాల కొద్ది ఉంటయి రూముల. అన్నీ ఒక్కటే అనుకోకు. అడుగున కంపెనీ ముద్ర ఉంటది, అద్దం పెట్టి సూడు. ఒక్క ముద్రవి ఒక్క దిక్కు. ఎన్నిసార్లు పేలినయో డబ్బా మీద గీతలు పెట్టు. కొత్తయి కొంటె పిరం, పాతయి మంచిగ ఏరుకుంటె సస్త. నీ సస్త అంతా గా ఏరుడులనే ఉంది.

ఎట్ల ఏరాలెనా? నువ్వు గిది నన్ను అడుగుడేందిరా, మా అవ్వ, నీ అమ్మమ్మ పక్కన కూసోని పెరిగినోనివి! తునికాకు ఎట్ల ఏరేది? ఎలుగుకు పట్టి సూసేది, చిల్లి ఉంటె పక్కకు, ఈనె మందముంటె పక్కకు. గదే. ఖోకా మెడ కాడ సన్న పగులుంటె పక్కకు. అడుగుకు రవ్వంత పైన మెరిసే గీత కనిపిస్తె పక్కకు. అది ఇంకోసారి పేలితె నడిమిట్ల తెగుతది. పాయె, ఒక్కటే గదా అని మల్ల లోపల ఎయ్యకు. సుత్తె తీస్కోని సపాటు చెయ్యి, మల్ల బుద్ధి పుట్టొద్దు.

…ఔ, అవ్వ గట్లనే చేసేది. పనికిరాని ఛాట్ బీడీలు మల్ల కలవొద్దని చేతులనే నలిపేసేది. మా భూమవ్వ చెయ్యి అంటె చెయ్యే. తక్కెడ లేకుంట తంబాకు తీస్తె, వెయ్యి బీడీలకు ఒక్క తీరే. శేట్ గూడ ఎన్నడు మాట అన్లే.

గుండ్లా? ఫైజమ్మ పోటీకి మంచియి కొనుమను, గంతే. రోజూ కొట్టేటందుకు సస్తయి సాలు. గని సస్తయి తూకం ఏసి, బరువు సరిపోయినయి ఒక కుప్ప, హెచ్చుతక్కువ ఇంకో కుప్ప. మొదటి కుప్పనే ఫైజమ్మకు. సస్తయి గూడ ఏరుకుంటె సూటిగనే పోతయి.

ప్రైమర్లు, అడుగున నిప్పు పుట్టిచ్చే బిళ్లలు… ఒక్క పెట్టెలవి ఒక్కసారికి. తడి చెయ్యి పెట్టకు, నూనె చెయ్యి పెట్టకు. పరాఠా తిని గట్లనే కూసుంటవ్ నువ్వు, నాకెరుకే నీ సంగతి.

…నవ్వకు.

ఏంది?… తూటల పోసే మందు సంగతి మల్ల చెప్త.

మల్ల చెప్త అన్న గద. ఇంకేమన్న అడుగు.

…

ఎందుకంటె? ఎందుకంటె ఏందిరా, ఒక్కొక్కటి చెప్తె గద మంచిగ…

ఆగు. ఆగు ఆగు. సైరన్ కొడుతుండ్రు. ఇనిపిస్తుందా?… గుట్ట పేలుస్తరు. రోజూ పదకొండుకు. ఫోన్ పెట్టకు ప్రమోదూ. మాట్లాడకు, గని పెట్టకు. ఉన్నవు గదా?… ఉండు…

…

…

అయిపోయింది… ఆ. అయిపోయింది.

ఆ, ఇనపడ్డదా అక్కడికి? క్యాబిన్ అద్దాలు కదిలినయి. రాజమౌళన్న సూడు, చాయ తాగుకుంటనే ఉన్నడు. నవ్వుతుండు నన్ను సూసి… నేను ఎక్కడున్ననా? టేబుల్ కింద ఉన్న. రోజూ గిదే. సైరన్ ఇనంగనే కాళ్లు వాటంతట అవే ముడుసుకుంటయి. పేలుడు ఒద్దని ఆ మజ్రా ఇడిసి పారొచ్చిన, వచ్చి వచ్చి గుట్టలు పేల్చే కాడ పడ్డ. నా రాత సూడు.

లేస్తున్న, లేస్తున్న.

గది కాదు అల్లుడా. బయట సప్పుడు కాదు నాకు. బయటిది అయిపోతది. ఈ కుడి చెవిల ఉన్నది పోదు. కుయ్యిమని ఒక్కటే సప్పుడు, నాలుగేండ్ల సంది. పండుకుంటె ఎక్కువైతది. దాని ఎనుక షారుఖ్ గొంతు ఇనిపిస్తది. ఆ రోజు ఆయన ఒర్రలే ఎరుకేనా? రైఫిల్ పగిలి, రక్తం కారుకుంట, కుడి కన్ను చేతితోని మూసుకోని, మెల్లగ "అమ్మీ" అన్నడు. పక్కనే ఉన్న అమ్మను పిలిచినట్టు. మనిషి ఎదురుంగ ఉంటె ఎంత మెల్లగ పిలుస్తమో, గంత మెల్లగ. గా మాటనే ఇనిపిస్తది.

…ఆ. నేను పక్కనే నిలవడ్డ. గందుకే చెవి పోయింది. ఆయనకు కన్ను, నాకు చెవి.

సరే, ఇడిసిపెట్టు గదంత. మందు సంగతి చెప్త, సక్కగ ఇను. ఖోకాల తప్పయితె ఒకటి ఖరాబైతది. గుండ్ల తప్పయితె పక్కకు పోతది. మందుల తప్పయితె మనిషే పోతడు. గిది పెద్దక్షరాలతోని రాసుకో.

బల్ల మీద ఒక్కటే డబ్బా ఉండాలె. ఒక్కటే. రెండోది అల్మారల, తాళమేసి. పనయినంక మిగిలింది ఏ డబ్బాలకెల్లి తీసినవో ఆ డబ్బాలనే పొయ్యాలె. ఎంత అనేది నీ అంతట నువ్వు ఏసుకోకు, కంపెనీ బుక్కుల ఉన్నదే…

…

ఏమన్నవ్?

మల్ల చెప్పు.

…పాత డబ్బాల అడుగుల మిగిలిందా. ఎంత?… గుప్పెడు. ఆ గుప్పెడు ఏంజేసినవ్?

…

కొత్త దాంట్ల పోసినవా.

ఎందుకు పోసినవ్‌రా?

…

అవ్వ పోసేదా.

…

ఔ. పోసేది. శనివారం మిగిలిన తంబాకు సోమవారం కొత్త ప్యాకెట్‌ల కలిపేది. ఇసుమంత పారేస్తె మన మీద ఒర్రేది. నాకు తెల్వదా… నాకు తెల్వదా బిడ్డా.

ఏడువకు. నేనేమన్లే ఇంక. రెండు డబ్బాలు సూడు ఒకసారి. పాతదాని మూత ఏ రంగు?… ఎర్రది. కొత్తదాని?… నీలం. పేర్లు ఒక్కటేనా? అక్షరాలు సూడు… వేరేనా?… రెండు వేరే వేరేవే.

కండ్లకు ఒక్క తీరుగనే ఉంటయిరా! నల్లగ, గసగసాల తీరు. ఒకటి జల్ది కాలుతది, ఒకటి మెల్లగ కాలుతది. కలిపినంక అదేం చేస్తదో దేవునికి గూడ తెల్వది. సరే. సరే. ఎన్ని తూటలు చేసినవ్ దాంతోని?… ఇరవై. ఇరవై బల్ల మీదనే ఉన్నయి గదా?

…

లేవా?

ఎవలు తీస్కపొయ్యిండ్రు?

…

షారుఖా!? షారుఖ్‌కు తూటలతోని ఏం పని? ఆయన గురి బోర్డులు నిలవెట్టేటోడు గద ఇప్పుడు?… ఎవలు చెప్పిండ్రు మొదలు ఆయననే కొట్టుమని?… తనంతట తనే?… ఎన్నేండ్ల సంది?… కొత్తయి ఏవి చేసినా మొదటి ఐదు ఆయనే పేల్చి సూస్తడా. ఎందుకు?

…

"ఒకసారి నాతోని తప్పయింది, ఇంకోనికి కావద్దు" అన్నడా…

ఎప్పుడు తీస్కపొయ్యిండు? ప్రమోదూ, ఎప్పుడు?… నాకు ఫోన్ చేసేటప్పుడేనా!

ఉరుకు.

ఉరుకురా! ఫోన్ పెట్టకు, చేతుల పట్టుకోని ఉరుకు! ఒర్లు! భాయ్ రుకో అని ఒర్లు! చెప్పులు ఇడిసి ఉరుకు!

…

ప్రమోదూ… ఎక్కడిదాక పోయినవ్?… ఖర్జూర చెట్లు దాటినవా?… ఒర్లు, ఇంకా ఒర్లు, చెవులకు మూతలు పెట్టుకోని ఉంటడు, ఇనపడది ఆయనకు… చేతులు ఊపు! ఎడమ దిక్కు నుంచి పో, ఎడమ కన్నే ఉన్నది ఆయనకు, కుడి దిక్కు పోతె కనపడవు…

…

అదేం సప్పుడు?

ప్రమోదూ. అదేం సప్పుడురా… ప్రమోదూ!

గది రైఫిల్… ప్రమోదూ!… ఓ కొండగట్టు అంజన్నా, తండ్రీ… హలో!… రాజమౌళన్నా, నువ్వాగు, నన్ను ముట్టకు… హలో!

…

…

ఆ! ఆ, చెప్పు!… ఎవలు పేల్చిండ్రు?… ఫైజమ్మనా. పక్క బల్ల మీద… కంపెనీ తూటలేనా?… నిజంగ కంపెనీవేనా?… హా… హా…

షారుఖ్?… ఇంకా పేల్చలే. ఖసమ్ తిను… రైఫిల్ల పెట్టలే గదా… ఇరవై లెక్కవెట్టు. చేతులతోని ముట్టి లెక్కవెట్టు… ఇరవై ఉన్నయి. జేబులేసుకో.

కూసుంటున్న. ఏం లేదు రాజమౌళన్నా, మా అల్లుడు. నీళ్లియ్యి జర.

ఏంది, మెల్లగ మాట్లాడుతున్నవ్?… పక్కనే ఉన్నడా. ఎందుకు ఆపినవని అడుగుతుండా?… ఏం చెప్పాలెనంటె…

…

ప్రైమర్లకు తడి తాకిందని చెప్పు. గంతే. రెండో మాట మాట్లాడకు. రూముకు తీస్కపోయి అన్ని ఇప్పి, మందు నీళ్లల్ల పొయ్యి, డబ్బాలు రెండూ… నేను చెప్త ఏంజెయ్యాలెనో. ఎవలకూ తెల్వది. నీ నౌకరికి ఏం కాదు. చెప్పు, నేను లైన్‌లనే ఉంట.

…

…

చెప్పినవా?… నమ్మిండా?… ఏమన్నడు?… "మంచి పని చేసినవ్ బేటా, నాలెక్క ఆగం గాకుంట" అన్నడా.

హుఁ.

సరే, రా ఇగ. రూముకు రా… ఏంజేస్తుండు ఆయన?… ఇంకా ఏం సూస్తుండు?

…తూటలే లేవు గదరా. రైఫిల్ గొట్టంలకు ఎందుకు సూస్తుండు?

రైఫిల్ పట్టిన ప్రతిసారీనా.

మూడు సార్లా.

…

ఏం దేవులాడుతడు అండ్ల?… గుడ్డ ముక్కనా.

…

గుడ్డ ముక్క లేదురా ప్రమోదూ.

అప్పుడు లేదు, ఇప్పుడు లేదు. ఎన్నడూ లేదు అండ్ల గుడ్డ ముక్క. నాలుగేండ్ల సంది లేని గుడ్డ ముక్కను దేవులాడుతుండా ఆ పిచ్చోడు, ఉన్న ఒక్క కంటితోని?

నాకెట్ల తెల్సంటె…

ఆయనకెల్లి జర దూరం జరుగు. జరిగినవా? ఇను.

నువ్వు చేసిందే నేను చేసిన. గదే రూముల, గదే బల్ల మీద. నాది పచ్చ మూత డబ్బా. అడుగుల మిగిలింది, ఎందుకు పారెయ్యాలెనని కొత్త దాంట్ల గుమ్మరించిన. అవ్వ చేసినట్టే. పైగ ఖుషీ అయిన, ఇంత మిగిలిచ్చిన అని. మర్నాడు షారుఖ్ పేల్చిన మూడో తూటకే రైఫిల్ పగిలింది. షారుఖ్‌ను దవాఖానకు తీస్కపోయినంక నేను రూముకు వచ్చిన. చెవిలకెల్లి రక్తం కారుతుంది. బల్ల మీద రెండు డబ్బాలు పక్కపక్కన ఉన్నయి. అప్పుడు సమజయింది నాకు. గా క్షణంలనే సమజయింది.

…ఏం జేసిన అంటె… మందంత ఖర్జూర చెట్టు కింద పోసి ఇసుక కప్పిన. డబ్బాలు చెత్తల ఏసిన. నిజం గదే. మల్ల రైఫిల్ ఎందుకు పగిలిందో సూసేటాయన ఒకాయన వచ్చిండు. గొట్టంల ఏమన్న అడ్డమున్నదా, తుడిచేటప్పుడు గుడ్డ ముక్క ఉండిపోయిందా అని నన్ను అడిగిండు. రైఫిల్ తుడిచేది షారుఖ్. నేనేమన్ననో ఎరుకేనా? "ఉండొచ్చు" అన్న.

గంతే అన్న. ఉన్నదని అన్లే. ఉండొచ్చు అన్న. ఆ ఒక్క మాటతోని అందరు నమ్మిండ్రు. అర్బాబ్ నమ్మిండు. దవాఖానల పండుకున్న షారుఖ్ గూడ నమ్మిండు. తుడిచే పని తీసేసిండ్రు ఆయనకు. నేను సెలవు పెట్టి ఊరికి పోయి, మల్ల వచ్చి ఫుజైరాల పడ్డ.

ఎవలకూ చెప్పలే. మీ అత్తకు గూడ చెప్పలే. నువ్వే మొదలు.

…

ఛీ అనాలె అనిపిస్తె అను.

ఇంకోటి చెప్పనా? ఏటా రంజాన్ ఈద్ నాడు నమాజ్ అయిపోంగనే నాకు ఫోన్ చేస్తడు. ఊర్ల తల్లికన్న ముందు నాకు. "హన్మాండ్లు భాయ్, నా తప్పుకు నీ చెవి పోయింది, మాఫ్ చెయ్యి" అంటడు. నేనేమంట? "మాఫ్ చేసిన భాయ్" అంట. నాలుగు ఈద్‌లు. నాలుగు సార్లు ఆయన అడిగిండు, నాలుగు సార్లు నేను మాఫ్ చేసిన. ఎవలను ఎవలు మాఫ్ చేయాలెరా? ఇయ్యాల నువ్వు అడిగితె మల్ల నోట్లకెల్లి అబద్ధమే వచ్చింది. తడి తాకిందని చెప్పు అన్న. నా నోరు గట్ల అలవాటు పడ్డది.

ఇను. ఆ ఇరవై తూటలు, రెండు డబ్బాలు ముట్టకు. గట్లనే అర్బాబ్ ముంగట పెట్టు. నేను కలిపిన అని చెప్పు… పంపిస్తడా? ఏమో. పంపొచ్చు. పంపిస్తె ఇంటికి పోతవ్, రెండు కండ్లతోని పోతవ్. ఆయన అడిగితె మాత్రం ఉండొచ్చు అనకు. చేసిన అను.

ఇప్పుడు ఫోన్ షారుఖ్‌కు ఇయ్యి.

…ఇయ్యిరా. మల్ల అంటె నాకు ధైర్యం రాదు. నా సంగతి నాకెరుక. ఇయ్యి.

…

హలో… సలామ్ షారుఖ్ భాయ్… ఆ, నేనే… అంతా ఖైరియత్. నువ్వు?… ఆ, ఉన్నది, సప్పుడు ఉన్నది చెవిల… దవాఖాన ఎందుకులే…

మా ప్రమోదా?… ఆ, నా చెయ్యే వచ్చింది వానికి. గదే వచ్చింది.

భాయ్, ఒక్క నిమిషం. నా చెవి సంగతి ఇడిసిపెట్టు. నువ్వు ఆ రైఫిల్ కింద పెట్టి కూసో… కూసున్నవా? నీ కన్ను సంగతి చెప్పాలె నీకు.

లేదు, నవ్వులాట కాదు.

ఆ రోజు గొట్టంల గుడ్డ ముక్క లేదు భాయ్… లేదు. ఉండొచ్చు కాదు, లేదు. నువ్వు మంచిగ తుడిచినవ్. నీ చేతుల తప్పు లేదు. మందు నేను కలిపిన. రెండు డబ్బాలు, రెండు తీర్ల మందు, తెల్వక ఒక్కదాంట్ల పోసిన. పోసుడు తెల్వక. దాసుడు తెల్సే దాసిన.

…

ఆ. ఆ రోజే తెల్సింది. నువ్వు దవాఖానల ఉన్నప్పుడే.

…

భాయ్?

…ఔ. నాలుగు ఈద్‌లు. నువ్వు అడిగినప్పుడల్లా. ఔ.

తిట్టు భాయ్. అమ్మ ఆలి తిట్టు, నేను ఇంట. ఈ చెవే మంచిది, గిండ్లనే తిట్టు. అర్బాబ్‌కు నేనే ఫోన్ చేస్త, ఇయ్యాలనే. రైఫిల్ తుడిచే పని నీకు మల్ల రావాలె. ఇయ్యాల పిల్లగాడు నేను చేసిందే చేసిండు. ఆ తూటలకు తడి గిడి ఏం లేదు. ఆ మాట గూడ నేనే చెప్పిచ్చిన. వాణ్ణి ఏమనకు.

…

ఏమన్నవ్? గట్టిగ చెప్పు భాయ్…

అమ్మీనా.

…

మీ అమ్మ కుబ్రా బేగం… పోయిందా?… పోయేముందు… నా గురించి అడిగిందా?

…

"ఆయన మాఫ్ చేసిండా" అని…

…

నువ్వేం చెప్పినవ్?

…

చేసిండు అని చెప్పినవా. చెప్తె… నిమ్మలపడ్డదా…

…

భాయ్. భాయ్, నేను… ఒక్క మాట…

హలో?

హలో… షారుఖ్ భాయ్?…

…

…ఆ. ఏం లేదు రాజమౌళన్నా. పెట్టేసిండు… లేదు, నేను చేసినా ఎత్తడు. ఎత్తొద్దు గూడ… ఎవలంటె… అర్బాబ్ కాడ దోస్తు. నా వల్ల కన్ను పోయినోడు… ఆ, నా వల్లనే. మొత్తం చెప్త తర్వాత. ముందు అర్బాబ్‌కు ఫోన్ చెయ్యాలె.

లారీ వచ్చిందా? ఆగుమను, వస్తున్న… ఈద్ ఇంకెన్ని రోజులున్నదన్నా?… ఆ.

ఏం లేదు. ఈసారి పొద్దుగాల నాకు ఫోన్ రాదు.